సముద్రం అడుగున దాచేపల్లి రాయి

దాచేపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు లేవక ముందే, ఆ నేల కింద సున్నపురాయి ఎంత మందాన ఉందో చూడటానికి బోరు మిషన్లు వచ్చాయి. మొదట వచ్చిన మిషను దగ్గర, పంతొమ్మిదేళ్ల వయసులో, నీళ్లు మోసే కూలీగా చేరాడు జాన్ సాహెబ్. వాళ్ల నాన్న నాపరాళ్ల గనిలో పలకలు లేపేవాడు. కొడుకు కూడా ఆ గునపమే పట్టుకుంటాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. పట్టుకోలేదు. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి, పిడుగురాళ్ల నుంచి మాచర్ల దాకా ఏ చేలో ఎన్ని మీటర్ల కింద ఎలాంటి రాయి తగులుతుందో నోటితో చెప్పగల డ్రిల్లరయ్యాడు.

నీళ్ల కోసం వేసే బోరు వేరు, ఈ బోరు వేరు. ఇందులో కింద తిరిగే బిట్టు గొట్టంలా బోలుగా ఉంటుంది. అది రాతిని గుండ్రంగా కోసుకుంటూ దిగుతుంటే మధ్యలో మిగిలిన రాయి కడ్డీలాగా పైకి వస్తుంది. మణికట్టంత లావు. దాన్ని కోర్ అంటారు. ఏ లోతులో ఏ ముక్క వచ్చిందో వరస తప్పకుండా, అడ్డపట్టీలు కొట్టిన చెక్క పెట్టెల్లో పేరుస్తారు. ఆ పెట్టె మూత తీసి చూస్తే చాలు, భూమిని నిలువునా కోసి చూసినట్టే ఉంటుంది.

తిరుగుతున్న మిషను పిడి మీద అరచెయ్యి ఆనించి, "పొర మారింది" అనేవాడు జాన్ సాహెబ్. పైకి తీసి చూస్తే నిజంగానే మారేది. ఇందులో మాయేమీ లేదనీ, అన్నేళ్లు ఒకే పని చేస్తే ఎవరి చేతికైనా తెలుస్తుందనీ అతనే చెప్పేవాడు. ఆ చేతిని నమ్మిన ఆఫీసరు ఒకాయన ఉన్నాడు, ఆరోగ్యస్వామి. ప్రభుత్వంలో జియాలజిస్టు. సొంత ఊరు రెంటచింతల. ఐదో తరగతితో బడి మానేసిన జాన్ సాహెబ్‌కు ఒక చిన్న నోటుబుక్కు కొనిచ్చి, "ఏ రోజు ఎంత దిగిందీ, ఏం తగిలిందీ ఇందులో రాసుకో. నీ కోసం రాసుకో, నా కోసం కాదు" అన్నాడు. అప్పటి నుంచి జాన్ సాహెబ్ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నోటుబుక్కు ఉండేది. నిండితే ఇంకోటి కొనేవాడు.

1986 ఎండాకాలంలో ఆరోగ్యస్వామి దాచేపల్లి షెడ్డుకు ఒక కొత్త సంగతి మోసుకొచ్చాడు. ఆ షెడ్డు గుంటూరు కంట్రాక్టరుది. జాన్ సాహెబ్ పనిచేసేది ఆయన కిందే. ఒంగోలుకు దిగువన, ఒక ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చిన్న పోర్టు కట్టాలని ప్రభుత్వం ఆలోచిస్తోందనీ, దానికి ముందు సముద్రంలో ఐదు బోర్లు వేయాలనీ, ఆ పని ఈ కంట్రాక్టరుకే వచ్చిందనీ చెప్పాడు. షెడ్డు నేల మీద సుద్దముక్కతో ఒడ్డు గీశాడు. ఒడ్డు నుంచి నీళ్లలోకి పొడుగ్గా ఒక గోడ గీశాడు. గోడ చాటున ఓడలు ఆగే చోటు చూపించాడు. గోడ చివర ఐదు చుక్కలు పెట్టాడు.

"ఇయ్యేంది సార్?" అని అడిగాడు జాన్ సాహెబ్.

"గాలిమరలు. గాలికి తిరిగి కరెంటు తీస్తాయి."

"నీళ్లల్లోనా? గాలి మన బీళ్లల్లో కూడా కొడతది గదా."

"నేల మీద గాలికి చెట్టూ గుట్టా అడ్డం. సముద్రం మీద అడ్డమేముంది? గుజరాత్ వైపు, తమిళనాడు వైపు ఈ ఏడాది ఒడ్డు మీద పెట్టారు. నీళ్లలో నిలబెట్టడం మన దగ్గర ఎవరూ చెయ్యలేదు. పోర్టుకు గోడ ఎలాగూ కడతాం కాబట్టి, దాని చివర నిలబెట్టవచ్చా అని చూస్తున్నారు. నిలబడాలంటే కింద రాయి ఉండాలి. ఉందో లేదో నువ్వు చెప్పాలి."

జాన్ సాహెబ్ నవ్వాడు. అప్పటిదాకా అతను సముద్రాన్ని చూడలేదు.

సెప్టెంబరులో ఎనిమిది మంది మనుషులు, ఒక మిషను, లారీ నిండా రాడ్లు ఆ ఏటి మొగకు చేరాయి. వాళ్లలో, రాడ్లను దించే లేపే వించి తిప్పేవాడు మక్బూల్. జాన్ సాహెబ్ భార్య హలీమాకు తమ్ముడు. ఖాళీ డ్రమ్ములు వరసగా కట్టి, వాటి మీద దూలాలు, పలకలు బిగించి, ఆ తెప్ప మీద మిషను నిలబెట్టారు. జాలర్ల మరబోటు దాన్ని లాక్కుపోయి, నాలుగు లంగర్లు వేసి వదిలేది. ఎనిమిది మందిలో ఒక్కడికి కూడా ఈత రాదు. పల్నాడులో ఎవరు ఎక్కడ నేర్చుకుంటారు? ఉన్న నీళ్లు సాగర్ కాల్వవి, అవి కూడా గట్టు మీద నుంచి చూసేవే. తొమ్మిదేళ్ల కిందట దివిసీమను ముంచిన ఉప్పెన కబుర్లు మాత్రం అందరికీ గుర్తున్నాయి.

మొదటి రోజే జాన్ సాహెబ్‌కు ఒక సంగతి తెలిసొచ్చింది. పిడి మీద చెయ్యి పెడితే ఏమీ తెలియటం లేదు. కింద తిరిగే బిట్టు కబురు పైకి వచ్చేలోపే అల తెప్పను ఊపేస్తోంది. ఇరవయ్యేళ్లుగా తెలిసిన చెయ్యి మొద్దుబారినట్టయింది. అయినా నాలుగు బోర్లు సవ్యంగానే దిగాయి. ఇసక, బంకమన్ను, మళ్లీ ఇసక, ఇరవై రెండు, ఇరవై నాలుగు మీటర్ల దగ్గర రాయి. ఎర్రటి గింజలు పొదిగినట్టున్న నల్లరాయి. ఒప్పందం ప్రకారం ప్రతి బోరులోనూ మూడు మీటర్ల రాయి తీసి చూపించాలి. తీశారు. నాలుగో బోరు ముగిసిన రోజు, పని దగ్గరుండి చూస్తున్న ఆరోగ్యస్వామి కళ్లు పసుపుపచ్చగా కనిపించాయి. కామెర్లని డాక్టరు చెప్పటంతో ఆయన రెంటచింతల వెళ్లిపోయాడు.

ఐదో బోరు గోడ చివర వచ్చే చోట. గాలిమరలకు అదే కీలకం. అక్టోబరు సగానికి వచ్చింది. ఇరవై నాలుగు దాటింది, రాయి లేదు. ఇరవై ఎనిమిది దాటింది, లేదు. ముప్ఫై ఒకటిన్నర మీటర్ల దగ్గర కూడా నీలంగా జిగురుగా బంకమన్నే వస్తోంది. ఆ మధ్యాహ్నం గాలి దిక్కు మారింది. ఒక లంగరు జారి తెప్ప పక్కకు ఒరిగింది. వించి దగ్గర నిలబడ్డ మక్బూల్ నీళ్లలో పడ్డాడు.

నడుముకు కట్టుకున్న తాడే అతన్ని కాపాడింది. ఇద్దరు పట్టి లాగితే పైకి వచ్చాడు. కళ్లు తేలేసి, ఉప్పునీళ్లు కక్కుకున్నాడు. మరబోటు వచ్చి అందరినీ ఒడ్డుకు చేర్చింది. జాన్ సాహెబ్ నోటుబుక్కులో రాసుకున్నాడు: "ఐదో బోరు. 31.5. మన్ను. మక్బూల్ పడ్డాడు. ఆపాం."

మర్నాడు తుఫాను కబురు వచ్చింది. మిషను విప్పి లారీకెక్కించుకుని దాచేపల్లి వచ్చేశారు.

షెడ్డులో మేనేజరు కోటిలింగం ఎదురుచూస్తున్నాడు. కంట్రాక్టరు తరఫున కాగితాలన్నీ చూసేది అతనే. చెడ్డవాడని ఎవరూ అనరు. కానీ గడువు దాటితే అతనికి కాళ్లాడవు. నెలాఖరుకు ఐదు బోర్ల పెట్టెలు, కాగితాలు సిద్ధంగా ఉండాలి. హైదరాబాదులో డ్రాయింగు వేసేవాళ్లు వాటి కోసమే కూర్చున్నారు.

"నాలుగింట్లో తగిలింది గదా జాన్ సాహెబూ, ఐదోదాంట్లో తగలకుండా యాడికి పోద్ది? ఇంకో రెండు మీటర్లు దిగితే అదే తగిలేది."

"తగలొచ్చు. తగలకపోవచ్చు."

"అయితే మళ్లీ పోతావా? రేడియోలో వాయుగుండం మీద వాయుగుండం అంటన్నారు. మళ్లీ ఆ మనుషుల్నే ఎక్కిస్తావా? మీ బావమరిదిని ఎక్కిస్తావా?"

కోటిలింగం గోడవారన దొంతర్లు దొంతర్లుగా ఉన్న పాత పెట్టెల వైపు చూశాడు. సిమెంటు వాళ్లకు తీసిన సున్నపురాయి కోర్లు అవి.

"మూడు మీటర్లే గదా" అన్నాడు. "పెట్టెలు లెక్కబెట్టుకొని పోతారు. మూతలు ఎవురు తీస్తారు? స్వామిగారు మంచంలో ఉండె."

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే జాన్ సాహెబ్ ఆ పని చేశాడు. పాత దొంతర నుంచి కిందటేడు తీసిన కోరులో బాగా ముదురు రంగు ముక్కలు ఏరాడు. నీళ్లతో కడిగాడు. ఐదో బోరు పెట్టెలో చివరి మూడు అరల్లోని మన్ను తీసేసి, వాటిలో పేర్చి, బ్రష్షుతో లోతులు రాశాడు. ఇరవై ఎనిమిదిన్నర నుంచి ముప్ఫై ఒకటిన్నర దాకా రాయి. కాగితం మీద సంతకం చేశాడు. మక్బూల్ మళ్లీ ఆ తెప్ప ఎక్కక్కర్లేదని మనసుకు చెప్పుకున్నాడు. ఆ మాట నిజమే కాబట్టి కొన్నాళ్లు ఆ మాట మీదే గడిపాడు.

నవంబరు వెళ్లింది. డిసెంబరులో ఒకరోజు కోటిలింగం ఉత్సాహంగా వచ్చి, డ్రాయింగు తయారైందని చెప్పాడు. ఐదో బోరు వేసిన చోటే మొదటి గాలిమర. నూట ఇరవై అడుగుల ఎత్తు. దాని కాళ్లు ముప్ఫై మీటర్ల కింద రాతి మీద నిలబెడతారు. మన బోరు వేసిన చోటే అంటూ అతను అందరికీ టీ ఇప్పించాడు.

జాన్ సాహెబ్ ఆ టీ తాగలేకపోయాడు. ముప్ఫై మీటర్ల కింద ఏముందో అతనికి తెలుసు. చేతిలో పిసికితే వేళ్ల సందుల్లోంచి జారిపోయే మన్ను.

అప్పటి నుంచి అతనికి అన్నం సయించలేదు. పిడుగురాళ్ల దగ్గర కొత్త బోరు వేస్తూ, పిడి మీద చెయ్యి పెట్టి, పొర మారినా చెప్పకుండా ఊరుకున్నాడు. ఆ చేతి మీద అతనికే నమ్మకం పోయింది. ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. హలీమా పాత చీరలతో బొంతలు కుట్టేది. చుట్టుపక్కల వాళ్లందరూ ఆమె చేతే కుట్టించుకునేవాళ్లు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె సూది ఆపి అడిగింది.

"ఏందయ్యా, పది రోజుల నుంచి చూస్తన్నా. ఒంట్లో బాగలేదా, మనసులో బాగలేదా?"

అతను మొదట ఏమీ లేదన్నాడు. తర్వాత అంతా చెప్పాడు. పెట్టె, ముక్కలు, సంతకం, గాలిమర. హలీమా బొంత మడిచి పక్కన పెట్టింది.

"మా తమ్ముడి కోసం చేశానంటన్నావు" అంది చివరికి.

"అవును."

"వాడు బతికొచ్చినందుకు నేను రోజూ దేవుడికి దండం పెట్టుకుంటన్నా. కానీ రేపు ఆ గాలిమర ఎక్కి పనిచేసేవాళ్లల్లో ఎవురి తమ్ముళ్లు ఉంటారో. అది పడితే ఆ అక్క ఎవుర్ని అడగాల?"

మళ్లీ తనే అడిగింది.

"అది కట్టారా ఇంకా?"

"లేదు. కాగితం మీదే ఉంది."

"కాగితం మీదే ఉంటే నీకింత దిగులెందుకు? ఇంకా ఏం కాలా. పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఉద్యోగం పోద్ది హలీమా. కేసు కూడా పెడతారేమో."

"పెడితే పెట్టనీ. ఉద్యోగం పోతే ఈ ఊళ్లో రాళ్లకు కరువా? నువ్వు అన్నం తినకుండా గోడ చూస్తా కూర్చుంటే నేను చూడలేను."

ఆదివారం పొద్దున జాన్ సాహెబ్ నడికుడి స్టేషన్లో మాచర్ల ప్యాసింజరు ఎక్కాడు. జేబులో నోటుబుక్కు ఉంది. రెంటచింతలలో దిగేసరికి చర్చిలో పూజ అయిపోయి జనం బయటికి వస్తున్నారు. ఆరోగ్యస్వామి ఇల్లు ఆ పక్క వీధిలోనే. ఆయన అరుగు మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కళ్లలో పసుపు మాత్రం పోయింది.

"రా జాన్ సాహెబ్. పలకరించడానికి ఇంత దూరం వచ్చావా?"

"పలకరించడానికి కాదు సార్" అన్నాడు జాన్ సాహెబ్. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. రైల్లో వచ్చినంతసేపు ఎక్కడ మొదలుపెట్టాలా అని తంటాలు పడ్డాడు. తీరా చెప్పటం మొదలుపెడితే పది మాటల్లో అయిపోయింది.

ఆరోగ్యస్వామి అంతా విన్నాడు. తర్వాత, "ఎంత దాకా దిగావు?" అని అడిగాడు.

"ముప్ఫై ఒకటిన్నర."

"కింద?"

"మన్నే సార్. నీలం మన్ను."

నోటుబుక్కు తీసి ఆ పేజీ చూపించాడు. ఆరోగ్యస్వామి కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "మక్బూల్ పడ్డాడు" అన్న చోట వేలు పెట్టి, "ఇతను బాగున్నాడా?" అన్నాడు.

"బాగున్నాడు సార్. నీళ్లంటేనే భయపడతన్నాడు."

"నేనుంటే ఆ రోజు మిమ్మల్ని తెప్ప ఎక్కనిచ్చేవాడిని కాదు. సరే, నేను లేను." నోటుబుక్కు తిరిగిచ్చాడు. "నువ్వు చేసింది చిన్న తప్పు కాదు. తెలుసుగా?"

"తెలుసు సార్."

"నువ్వు రాకపోయినా నేను ఆ పెట్టె తెరిచి చూసేవాడినేమో. చూడకపోయేవాడినేమో. డ్రాయింగు అయిపోయాక పెట్టెల మొహం ఎవరు చూస్తారు? కూర్చో. ఇప్పుడు చెప్పిందంతా తెలుగులోనే, నీ మాటల్లోనే ఒక కాగితం మీద రాసివ్వు. కోటిలింగం సంగతి కూడా రాయి."

"రాయి ఏరిందీ పెట్టిందీ నేను సార్. నాది నేను రాస్తా."

ఆరోగ్యస్వామి అతని వైపు చూశాడు. బలవంతపెట్టలేదు. లోపలికి వెళ్లి కాగితమూ పెన్నూ తెచ్చాడు. రాయటానికి జాన్ సాహెబ్‌కు గంట పట్టింది. ఆలోగా ఆయన భార్య ఇద్దరికీ మజ్జిగన్నం పెట్టింది. ఆరోగ్యస్వామిది పథ్యం. జాన్ సాహెబ్‌ది పది రోజుల ఆకలి. అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాడు.

తర్వాతి పన్నెండు రోజులూ కష్టంగానే గడిచాయి. షెడ్డు ముందు ఏ జీపు ఆగినా పోలీసులేమోనని చూసేవాడు. కానీ అన్నం తినగలిగాడు. ఏది జరిగినా, తనకు తెలిసింది ఇప్పుడు ఇంకొకరికి కూడా తెలుసు.

పదమూడో రోజు జీపు వచ్చింది. అందులో ఆరోగ్యస్వామి, ఆయన వెంట హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరు దిగారు. తెల్లటి జుట్టు, తక్కువ మాటలు. పోర్టు డ్రాయింగు ఆయన చేతి మీదుగానే వెళ్తోంది. కోటిలింగం కుర్చీలు వేయించి, టీ కోసం మనిషిని పంపాడు. ఇంజనీరు కూర్చోలేదు.

"ఐదో బోరు పెట్టె తెరవండి" అన్నాడు.

జాన్ సాహెబే మూత తీశాడు. కోటిలింగం మొహం మాడిపోయింది. అయినా, "రాయి తగిలింది సార్. మూడు మీటర్లు పూర్తిగా ఉంది" అన్నాడు.

ఆరోగ్యస్వామి సంచీలోంచి చిన్న సీసా తీశాడు. పలచటి యాసిడ్. నాలుగో బోరు పెట్టెలోని నల్లరాయి మీద రెండు చుక్కలు వేశాడు. నీళ్లలాగే నిలబడ్డాయి. ఐదో పెట్టెలోని రాయి మీద రెండు చుక్కలు వేశాడు. బుసబుసమని తెల్లటి నురగ పొంగింది.

"సున్నపురాయి" అన్నాడు.

"సముద్రంలో సున్నపురాయి ఉండకూడదా సార్?" అని నెమ్మదిగా అడిగాడు కోటిలింగం.

అప్పుడు జాన్ సాహెబ్ గోడవారన ఉన్న దొంతర దగ్గరికి వెళ్లి, పై నుంచి మూడో పెట్టె కిందికి దించి మూత తీశాడు. అందులో మూడు అరలు ఖాళీగా ఉన్నాయి.

"ఇందులోయి సార్ అవి" అన్నాడు. "నిరుడు తీసినయ్యి. నా చేత్తోనే తీశా, నా చేత్తోనే అందులో పెట్టా. ఎవురూ నా చెయ్యి పట్టుకొని పెట్టియ్యలా."

బయట రోడ్డు మీద రాళ్ల లారీ ఒకటి వెళ్లింది. కోటిలింగం అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డాడు.

"నేనే చెప్పా సార్" అన్నాడు. "అతను వద్దన్నట్టే నిలబడ్డాడు. గడువు అయిపోతదని నేనే ఆ పెట్టెలు చూపించా."

ఇంజనీరు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. జాన్ సాహెబ్ నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. ఐదు బోర్ల పేజీలూ ఒక్కొక్కటే చదివాడు. ఏ రోజు ఎంత దిగిందీ, ఎన్ని నిమిషాలు పట్టిందీ, ఏ రంగు మన్ను వచ్చిందీ అన్నీ ఉన్నాయి. అందులో అబద్ధం ఒక్క చోట కూడా లేదు.

"కాగితం మీద ఒకటి, ఇందులో ఒకటి రాశావా?" అని అడిగాడు.

"ఇది నా కోసం రాసుకున్నది సార్."

ఇంజనీరు ఆ నోటుబుక్కును ఆరోగ్యస్వామి చేతికిచ్చాడు. "దీన్ని మొత్తం నకలు తీయించండి" అన్నాడు. తర్వాత కోటిలింగం వైపు తిరిగాడు. "మీ కంట్రాక్టరుకు ఉత్తరం వస్తుంది. ఐదో బోరు మళ్లీ వెయ్యాలి. జనవరి ఆఖరుకు సముద్రం నెమ్మదిస్తుంది, అప్పుడు వెయ్యండి. లైఫ్ జాకెట్లు లేకుండా ఒక్క మనిషి కూడా తెప్ప ఎక్కకూడదు. ఇది కూడా ఉత్తరంలో రాస్తాను." జీపు దాకా నడిచి మళ్లీ ఆగాడు. "బోరు ఇతనే వెయ్యాలి" అన్నాడు.

జాన్ సాహెబ్‌కు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. జీపు వెళ్లిపోయాక కోటిలింగాన్ని అడిగాడు, "నన్ను తీసేసినట్టా, ఉంచినట్టా?"

"ఉంచినట్టే" అన్నాడు కోటిలింగం. తెచ్చిన టీలు చల్లారిపోయాయి. ఇద్దరూ పెట్టెల మీద కూర్చుని ఆ చల్లారిన టీలే తాగారు.

జనవరి నెలాఖరున మళ్లీ ఏటి మొగకు వెళ్లారు. రానక్కర్లేదన్నా మక్బూల్ వచ్చాడు. నారింజ రంగు జాకెట్టు తొడుక్కుని, అద్దం లేక, బాగుందా అని తోటివాళ్లను అడిగాడు. సముద్రం కాల్వ నీళ్లంత నెమ్మదిగా ఉంది. తెప్ప కదిలీ కదలనట్టు ఉంది. రెండో రోజు జాన్ సాహెబ్ పిడి మీద చెయ్యి పెట్టాడు. చాలా లోతు నుంచి, ఇనప రాడ్ల వెంట, సన్నటి వణుకు చేతిలోకి వచ్చింది. మెత్తగా, ఒకే తీరుగా ఉంది.

"మన్నే" అన్నాడు.

ముప్ఫై ఐదు. మన్ను. నలభై. మన్ను. ఆరోగ్యస్వామి ఈసారి తెప్ప మీదే ఉన్నాడు. నలభై ఆరు మీటర్ల దాకా దించి, అక్కడ ఆపేయమన్నాడు. ఒకప్పుడు ఏరు ఇక్కడ లోతుగా కోసుకుని పారి ఉంటుందనీ, ఆ పాత ఏటి గుంతే మన్నుతో నిండిందనీ చెప్పాడు. ఒడ్డుకు వచ్చి, పాకలో బల్ల మీద డ్రాయింగు పరిచాడు. పెన్సిలుతో గీసిన గోడ చివరను రబ్బరుతో తుడిచాడు. ఉత్తరానికి రెండు వందల మీటర్లు జరిపి మళ్లీ గీశాడు. అక్కడ ఇంకో బోరు వేయమన్నాడు.

అక్కడ ఇరవై మూడు మీటర్ల దగ్గర జాన్ సాహెబ్ చెయ్యి ఉలిక్కిపడ్డట్టయింది.

"తగిలింది సార్" అన్నాడు.

పైకి తీస్తే ఎర్ర గింజల నల్లరాయి. మూడు మీటర్లూ ముక్క చెదరకుండా వచ్చింది. మక్బూల్ దాన్ని పెట్టెలో పేరుస్తూ, యాసిడ్ సీసా తెమ్మని అడిగి, తన చేత్తోనే ఒక చుక్క వేసి చూశాడు. నురగ రాలేదు. మిగతావాళ్లు నవ్వారు. ఆరోగ్యస్వామి కూడా నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో జాన్ సాహెబ్ గుంటూరులో మాచర్ల ప్యాసింజరు ఎక్కాడు. రెండు మూడు స్టేషన్లు దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. మిగతావాళ్లు లారీలో వస్తున్నారు, లేపేవాళ్లు లేరు. పిడుగురాళ్ల వచ్చిందీ తెలియలేదు, నడికుడి వెళ్లిపోయిందీ తెలియలేదు. గురజాలలో ఎవరో బుట్ట భుజానికి తగిలిస్తే మెలకువ వచ్చింది. కంగారుగా దిగి, బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి సాయంత్రమైంది. లారీ అప్పటికే వచ్చేసింది. మక్బూల్ అక్క ఇంట్లో కూర్చుని కబుర్లు చెబుతున్నాడు.

"యాడికి పోయావు?" అంది హలీమా.

"గురజాల."

"గురజాలలో ఏం పని?"

"పనేం లా. నిద్రపట్టింది."

హలీమా అతని మొహం ఒకసారి పరీక్షగా చూసింది. ఇంకేమీ అడగకుండా అన్నం వడ్డించింది.

కోటిలింగాన్ని కంట్రాక్టరు చిలకలూరిపేట పనికి మార్చాడు. జాన్ సాహెబ్‌కు ఒక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. అంతే. ఆ ఉత్తరాన్ని అతను దాచుకోనూ లేదు, చించనూ లేదు. ఆరోగ్యస్వామికి చూపించి, ఆయన దగ్గరే వదిలేశాడు.

పోర్టు మాత్రం వెంటనే రాలేదు. 1989లో ఒకసారి ఆరోగ్యస్వామి దాచేపల్లి వచ్చినప్పుడు జాన్ సాహెబ్ అడిగాడు. నిధులు లేవనీ, గాలిమరలు ముందు ఒడ్డు మీద పెట్టి చూశాక నీళ్ల సంగతి ఆలోచిద్దామని ఢిల్లీలో అనుకున్నారనీ ఆయన చెప్పాడు.

"మన బోర్లు పోయినట్టేనా అయితే?"

"ఎందుకు పోతాయి? ఫైల్లో ఉన్నాయి. పదేళ్లకు కట్టినా, పాతికేళ్లకు కట్టినా, ముందు అవే తీసి చూస్తారు. అందులో ఏముంటే అదే నమ్ముతారు."

జాన్ సాహెబ్ తల ఊపాడు. ఆ రోజు ఊరి బయట సున్నపురాయి బోరు ఒకటి సగంలో ఉంది. మక్బూల్ ఇంజను స్టార్ట్ చేశాడు. జాన్ సాహెబ్ వెళ్లి పిడి మీద చెయ్యి ఆనించి, కళ్లు సగం మూసుకుని, కాసేపు అలాగే నిలబడ్డాడు.

"ఏందయింది బావా?" అని కేకేశాడు మక్బూల్.

"ఏం కాలా. దించు" అన్నాడు జాన్ సాహెబ్.